కోయ గూడెం బడిలో పాఠం ఎవరు చెప్పాలి? జీవో నంబర్ 3 వెనక కథ

ఈ రోజు ఎపిసోడ్ ఒక జీవో గురించి. జీవో అనగానే స్కిప్ కొట్టకండి, రెండు నిమిషాలు ఆగండి. మన ఖమ్మం, భద్రాచలం ఏజెన్సీలో వేల మంది పిల్లల చదువు ఈ ఒక్క కాగితం చుట్టూ తిరిగింది.

బీటెక్‌లో నాకో రూమ్మేట్ ఉండేవాడు. భద్రాచలం దాటాక అడవిలో కోయ గూడెం వాడిది. వాళ్లింట్లో పదో తరగతి పాసైన మొదటి మనిషి వాడే. ఆశ్రమ పాఠశాల, తర్వాత గురుకులం, తర్వాత ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ఇంజనీరింగ్. చదువైపోయాక రీయింబర్స్‌మెంట్ డబ్బులు ఇంకా రాలేదని కాలేజీ వాళ్లు సర్టిఫికెట్లు ఆపేశారు. నేను హైదరాబాద్‌లో జాబ్‌లో చేరిపోయా. వాడేమో నాలుగు నెలలు ఆఫీసుల చుట్టూ తిరిగాడు. ఓసారి ఫోన్‌లో అడిగా, "ఇన్ని కష్టాల్లో ఇంత దూరం ఎట్లా వచ్చినవ్‌రా?" అని. వాడన్న మాట ఇప్పటికీ గుర్తుంది: "మూడో తరగతిలో మా సారు కోయలో మాట్లాడేటోడు రా. లేకపోతే అప్పుడే బడి మానేసేటోణ్ణి."

స్కాలర్‌షిప్ గురించి చెప్తాడనుకున్నా. వాడు సారు గురించి చెప్పాడు. ఈ ఎపిసోడ్ అక్కడే పుట్టింది.

ముందు మ్యాప్ చూద్దాం. గోదావరికి ఉత్తరాన భద్రాచలం, దక్షిణాన బూర్గంపాడు, పాల్వంచ. ఈ రోజు బ్రిడ్జి మీద రెండు నిమిషాల్లో దాటేస్తాం. కానీ 1860లో నిజాం ఉత్తరపు ఒడ్డుని బ్రిటిష్ వాళ్లకి ఇచ్చేశాడు. 1874లో భద్రాచలం తాలూకా గోదావరి జిల్లాలో, అంటే మద్రాసు ప్రెసిడెన్సీలో కలిసింది. దక్షిణపు ఒడ్డు మాత్రం నిజాం రాజ్యమే. ఒకే కోయ జనం, ఒకే భాష, రెండు ప్రభుత్వాలు. 1959లో గానీ భద్రాచలం ఖమ్మం జిల్లాలోకి రాలేదు. మళ్లీ 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రకి వెళ్లాయి, భద్రాచలం ఊరు తెలంగాణలో ఉండిపోయింది. గీతలు గీసిన ప్రతిసారీ కోయ వాళ్లని అడిగిందెవరు?

ఇప్పుడు భాష. కోయ అనేది గోండికి దగ్గరి ద్రావిడ భాష. తెలుగులో ఏరు అంటే వాగు కదా, కోయలో అదే మాట నీళ్లకి వాడతారు. టీచర్ "నీళ్లు" అంటాడు, పిల్లాడికి ఆ మాట కొత్త. ఒకటో తరగతిలో వాడు పాఠం నేర్చుకోవట్లేదు, ముందు ఒక కొత్త భాష నేర్చుకుంటున్నాడు. మనం దాన్ని "మొద్దు" అనేస్తాం.

ఈ సంగతి ముందే గ్రహించినవాళ్లు ఉన్నారు. 1940ల్లో హైమెండార్ఫ్ అనే ఆస్ట్రియా మానవ శాస్త్రవేత్త నిజాం ప్రభుత్వం తరఫున ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో గోండు చదువుల పథకం మొదలుపెట్టాడు. బయట నుంచి పంతుళ్లని తేలేదు. ముందు గోండు యువకులకే చదువు నేర్పి, వాళ్లనే టీచర్లుగా తయారుచేశాడు. గోండిలో పుస్తకాలు కూడా వేయించాడు.

స్వాతంత్ర్యం తర్వాత డబ్బు సాయం పెరిగింది. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఎస్సీలకి 1944లోనే మొదలైంది, 1948-49లో ఎస్టీలకీ ఇచ్చారు. అయిదో పంచవర్ష ప్రణాళికలో ఐటీడీఏలు వచ్చాయి. ఆశ్రమ పాఠశాలలు, హాస్టళ్లు పెరిగాయి. కానీ లోపలి గూడేల్లో ఒక పాత జబ్బు పోలేదు: సారు రాడు. మైదానం నుంచి పోస్టింగ్ వేస్తే టౌన్‌లో ఇల్లు, నెలకి కొన్ని రోజులు బడి.

అందుకే 1986లో జీవో 275 వచ్చింది. ఏజెన్సీ బడుల్లో టీచర్ పోస్టులు స్థానిక గిరిజనులకే. కోర్టు కేసుల్లో అది నలిగిపోయింది. 2000 జనవరి 10న దాని స్థానంలో జీవో నంబర్ 3 ఇచ్చారు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులు వందకి వంద స్థానిక ఎస్టీలకే, అందులో మూడో వంతు మహిళలకి. దాని వల్ల ఏమైంది? ఇంటర్ చదివే కోయ అమ్మాయికి ఒక గురి దొరికింది. టీచర్ ట్రైనింగ్ చేస్తే మన ఊరి పక్కనే ఉద్యోగం అని. చదువుకుంటే ఏమొస్తుంది అనే తల్లిదండ్రులకి చూపించడానికి ఒక మనిషి దొరికాడు.

2020 ఏప్రిల్ 22, లాక్‌డౌన్ టైమ్. సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల బెంచ్ ఈ జీవోని కొట్టేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ రాజ్యాంగానికి విరుద్ధం, యాభై శాతం హద్దు దాటడానికి సరైన కారణం లేదు, గిరిజనులకి గిరిజనులే చెప్పాలనడం తప్పు అంది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవాళ్లని మాత్రం షరతులతో కొనసాగనిచ్చింది. రెండు రాష్ట్రాలకి కలిపి అయిదు లక్షలు ఖర్చుల కింద కట్టమంది.

నేను కోర్టుని తిట్టడానికి కూర్చోలేదు. అటు వైపు బాధ కూడా నిజమే. ఏజెన్సీలోనే పుట్టి పెరిగిన పేద ఎస్సీ, బీసీ పిల్లలకి సొంత మండలంలో ఒక్క టీచర్ పోస్టు కూడా లేదంటే ఎట్లా ఉంటుంది? ఆ జీవోలో స్థానికత అంటే 1950 జనవరి 26 నుంచి అక్కడ ఉన్న కుటుంబం. అంటే తర్వాత వచ్చిన గిరిజనుడు కూడా బయటోడే.

నాకు ఇంకో లోపం కనిపిస్తోంది. జీవో పుట్టుకని అడిగింది, భాషని అడగలేదు. లంబాడా టీచర్ కూడా ఎస్టీనే, కానీ కోయ గూడెంలో ఆయనకీ పిల్లాడి మాట అర్థం కాకపోవచ్చు. మా రూమ్మేట్‌ని బడిలో నిలబెట్టింది సారు సర్టిఫికెట్ కాదు, సారు నోట్లోని కోయ. మరి "ఈ బడికి కోయ వచ్చినవాళ్లే కావాలి" అని భాషనే అర్హతగా పెడితే? నేర్చుకున్నవాళ్లు ఎవరైనా రావచ్చు, సహజంగా ఎక్కువమంది కోయ పిల్లలే వస్తారు. 2004 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఎనిమిది గిరిజన భాషల్లో, కోయతో సహా, తెలుగు లిపిలో పుస్తకాలు వేసి ప్రాథమిక బడుల్లో పెట్టింది కూడా. దారి మనకి తెలియనిదేం కాదు.

ఇది మన దగ్గరే ఉన్న ప్రశ్న కాదు. అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలుంటాయి, తక్కువ ఫీజు, రెండేళ్ల కోర్సులు. పేద హిస్పానిక్ పిల్లలు ఎక్కువగా చేరేది వాటిల్లోనే. స్టూడెంట్స్‌లో 25 శాతం హిస్పానిక్ ఉండి, పేద పిల్లలు ఎక్కువుంటే ఆ కాలేజీ ప్రత్యేక నిధులకి అప్లై చేసుకోవచ్చని 1992లో చట్టంలో పెట్టారు. అక్కడ కూడా అడిగేది ఇదే: సీటిచ్చి, ఫీజు కడితే అయిపోయిందా? లోపల ఆ పిల్లాడి మాట అర్థమయ్యేవాళ్లు ఎవరైనా ఉన్నారా?

మా రూమ్మేట్ సర్టిఫికెట్లు చివరికి వచ్చాయి. ఇప్పుడు వాడూ సాఫ్ట్‌వేరే. సెలవులకి ఊరెళ్తే పిల్లలకి కోయలో లెక్కలు చెప్తాడు. "నెలకి రెండు రోజులే కదరా" అన్నా. "మా సారు కూడా ఒక్కడే కదరా" అన్నాడు.

మీలో ఏజెన్సీలో చదివినవాళ్లుంటే, మీ భాషలో మీతో మొదట మాట్లాడిన టీచర్ ఎవరో ఒక్కసారి గుర్తు చేసుకోండి. నంబర్ ఉంటే ఈ రోజే ఫోన్ చేయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా.