చెఱకు తరువాతి పంట

సెయింట్ కిట్స్ అన్న పేరు తెలుగువారి చెవిన పడినది పి.వి. నరసింహారావుగారి మీది కేసు పుణ్యమా అని. వి.పి. సింగ్ కుమారుడికి ఆ ద్వీపపు బ్యాంకులో 2 కోట్ల 10 లక్షల డాలర్లున్నాయని 1989లో దొంగ కాగితాలు పుట్టాయి. నాటి విదేశాంగ మంత్రి పి.వి.కి కూడా అందులో పాత్ర ఉన్నదన్న అభియోగం నుంచి 1997లో న్యాయస్థానం ఆయనను విముక్తుణ్ణి చేసింది. పత్రికలలో అంతగా నలిగినా, ఆ ద్వీపవాసులు ఏమి పండించి బ్రతికారో మనలో ఎవరూ అడిగినట్లు లేదు. పౌరసత్వాన్ని అమ్మే దేశాల చరిత్ర చదువుతూ నేను అక్కడికే చేరుకున్నాను. నేడు నడుస్తున్న అటువంటి పథకాలన్నిటిలో పాతది వారిదే.

సెయింట్ కిట్స్, నెవిస్ రెండూ కలిపి 261 చదరపు కిలోమీటర్లు. జనాభా అర లక్షకు అటూ ఇటూ. 1620లలో వచ్చిన ఆంగ్లేయులు, ఫ్రెంచివారు కలిసి 1626లో కాలినాగో మూలవాసులను ఊచకోత కోశారు. ఆ చోటును ఇప్పటికీ బ్లడీ పాయింట్ అనే పిలుస్తారు. మొదట పొగాకు వేశారు, పిమ్మట చెఱకు. చెఱకుతోపాటు ఆఫ్రికా నుంచి బానిసలు. 1834లో బానిసత్వం రద్దయిన తరువాత తోటలకు కూలీలు చాలక, 1861లో కలకత్తా నుంచి ఒక ఓడలో 337 మంది భారతీయులను ఒప్పందపు కూలీలుగా తెచ్చి దించారు. ఆ దీవికి మనవారి తొలి ప్రయాణం అది.

1983 సెప్టెంబరు 19న దేశం స్వతంత్రమయింది. మరుసటి ఏడే, 1984 పౌరసత్వ చట్టంలో, గణనీయమైన పెట్టుబడి పెట్టినవారికి పౌరసత్వం ఇవ్వవచ్చునని ఒక నిబంధన చేర్చారు. ఇరవై ఏళ్ళు దానిని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ప్రభుత్వం చేతిలోని చక్కెర పరిశ్రమ ఏటేటా నష్టపోతూనే ఉన్నది. పూర్వపు వలసల చక్కెరకు ఐరోపా ఇస్తూ వచ్చిన హామీ ధర కూడా తగ్గిపోనున్నదని తేలాక, 2005 కోతలతో మూడున్నర శతాబ్దాల పంటకు స్వస్తి చెప్పారు. 2006లో పౌరసత్వ పథకాన్ని సంస్కరించి, విరాళాలు స్వీకరించడానికి ఒక నిధిని నెలకొల్పారు. దాని పేరు చక్కెర పరిశ్రమ వైవిధ్యీకరణ సంస్థ! చెఱకు పోయినా పేరులో తీపి మిగిలింది. ఒక దరఖాస్తుదారుకు 2 లక్షల డాలర్లు మొదటి వెల. 2023లో అది రెండున్నర లక్షలయింది.

2009లో షెంగెన్ దేశాలకు వీసా లేకుండా వెళ్ళే వీలు కలగడంతో గిరాకీ పెరిగింది. చాలా ఏళ్ళపాటు కొనుగోలుదారు ఆ నేల మీద కాలు మోపనక్కరలేకపోయింది. వారు కొన్నది ద్వీపాన్ని కాదు, ఐరోపా ద్వారాన్ని. ఆ ద్వారపు తాళం మాత్రం బాస్టేర్ నగరంలో లేదు. ఇరాన్ మీది ఆంక్షలను తప్పించుకోవడానికి ఈ పాస్‌పోర్టులను వాడుకుంటున్నారని 2014 మేలో అమెరికా ఆర్థిక శాఖ హెచ్చరించింది. నవంబరులో కెనడా వీసా తప్పనిసరి చేసింది. అంతకు ముందు రెండేళ్ళుగా ఇచ్చిన పాస్‌పోర్టులలో జన్మస్థలమే అచ్చువేయలేదు. అవన్నీ వెనక్కి పిలిపించవలసి వచ్చింది. చక్కెర ధర లండన్‌లో తేలేది, పాస్‌పోర్టు ధర ఒట్టావాలో, బ్రసెల్స్‌లో తేలుతున్నది. నాకు కనిపించిన తేడా అంతే.

మాతృభూమిని అంగట్లో పెట్టారని ఆ ప్రజలను నిందించడానికి నాకు మనసొప్పదు. 2010 నాటికి దేశపు అప్పు జాతీయోత్పత్తికి ఒకటిన్నర రెట్లు దాటింది. ఆ భారం తగ్గడానికి ఈ సొమ్మూ తోడ్పడింది. నా అభ్యంతరమంతా కొన్నవారి మీద.

భారతీయుడికి ఇది నిజానికి రెండవ పౌరసత్వం కానే కాదు. 1955 పౌరసత్వ చట్టం 9వ సెక్షను ప్రకారం, స్వచ్ఛందంగా పరాయి పౌరసత్వం పుచ్చుకున్న క్షణాన మనది రద్దవుతుంది. బ్యాంకు మోసం కేసులో నిందితుడైన మేహుల్ చోక్సీ 2017లో పొరుగునే ఉన్న ఆంటిగ్వా పౌరుడై, 2018 జనవరిలో దేశం విడిచాడు. 2025 ఏప్రిల్‌లో అతణ్ణి బెల్జియంలో అరెస్టు చేశారు. ఆ 337 మందిని కూలి ఒప్పందం మీద ఓడ ఎక్కించి పంపిన దేశం నుంచే ఇతడూ వెళ్ళాడు, తన టిక్కెట్టు తానే కొనుక్కుని.