గటక నుంచి సన్నబియ్యం దాకా: సాగర్ ఎడమ కాలువ ప్రాంతంలో ఆహారం, పేగుల ఆరోగ్యం

ఒక ప్రాంతపు ఆహారం ఒకటి రెండు తరాల్లోనే ఎలా మారిందో, ఆ మార్పుకూ పేగుల ఆరోగ్యానికీ సంబంధం ఏమిటో ఈ భాగంలో తెలుసుకుంటారు. మనం తీసుకున్న ప్రాంతం పాత నల్గొండ జిల్లాలోని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ. మీలో కొందరు ఆ పల్లెల వారే కావచ్చు. మీ ఇంట్లో ఇసుర్రాయి ఇంకా ఉంటే ఒకసారి చూడండి. ఈ చరిత్రకు అదీ ఒక ఆధారమే. శాసనాలూ ఫర్మానాలూ మాత్రమే ఆధారాలనుకుంటే సామాన్యుల చరిత్ర మన చేతికి చిక్కదు.

నిజాం పాలన చివరి రోజుల్లో ఇక్కడి మెట్ట చేలలో జొన్న, సజ్జ, కంది, పెసర, ఆముదం పండేవి. చెరువుల కింద వరి ఉండేది గాని, ఆ వరిని పండించిన కూలీ ఇంట్లో అన్నం వండేది పండుగకో పబ్బానికో. రోజూ తినేది జొన్న గటక, రొట్టె, అంబలి. వాటితో పప్పు, చింతపండు పులుసు, చేల గట్ల మీద దొరికిన ఆకుకూర. వడ్లను రోట్లో పోసి దంచుకునేవారు కనుక బియ్యం మీది తవుడు పొర పూర్తిగా పోయేది కాదు.

నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాల జొన్న చేలు వరి మళ్లయ్యాయి. ఐఆర్-8 వంటి పొట్టి వంగడాలు ఆ రోజుల్లోనే వచ్చాయి. పంట వెంట మిల్లులు వచ్చాయి; మిర్యాలగూడ రైస్ మిల్లుల పట్టణమైంది. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చింది. కాలువ అందని మెట్ట పల్లెలో కూడా అన్నం రోజువారీ తిండి కావడానికి ఇది తోడ్పడింది. నా అభిప్రాయంలో ఇక్కడి పళ్లెం మారడంలో కాలువ కంటే రేషన్ దుకాణం పాత్ర తక్కువేమీ కాదు. 1986లో బాపట్ల నుంచి సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, విడుదలైంది. తెల్లగా, సన్నగా ఉంటేనే మంచి బియ్యమన్న అభిప్రాయం బలపడింది.

ఈ మార్పులో ఏం పోయిందో లెక్క చూద్దాం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికల ప్రకారం వంద గ్రాముల జొన్నలో పీచు సుమారు 10 గ్రాములు, మిల్లు పట్టిన పచ్చి బియ్యంలో 3 గ్రాముల లోపు. పెద్దలకు రోజుకు 2000 కిలోకేలరీల ఆహారంలో 30 గ్రాముల పీచు ఉండాలని అదే సంస్థ సూచిస్తోంది. మూడు పూటలా పాలిష్ బియ్యమే ప్రధానమై, పప్పూ కూరా పలచబడితే ఆ లెక్క కుదరదు.

పీచును మన శరీరం జీర్ణం చేసుకోలేదు. పెద్దపేగులోని సూక్ష్మజీవులు దాన్ని పులియబెట్టి బ్యూటిరేట్ వంటి చిన్న కొవ్వు ఆమ్లాలను తయారు చేస్తాయి. పెద్దపేగు లోపొర కణాలకు ముఖ్యమైన ఇంధనం ఈ బ్యూటిరేటే. అది మంటను, అంటే లోలోపల సాగే వాపును, తగ్గిస్తుంది. పీచు తగ్గి కొవ్వు, మాంసం పెరిగితే కాలేయం వదిలే పైత్యరసాన్ని కొన్ని సూక్ష్మజీవులు లోపొరకు హాని చేసే పదార్థాలుగా మారుస్తాయి. ఉగాండాలో పనిచేసిన డెనిస్ బర్కిట్ అనే శస్త్రవైద్యుడు, పీచు ఎక్కువగా తినే ఆఫ్రికా గ్రామీణుల్లో పెద్దపేగు క్యాన్సర్ అరుదని 1971లో రాశాడు. 2015లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో ఇరవై మంది ఆఫ్రికన్ అమెరికన్లకూ ఇరవై మంది దక్షిణాఫ్రికా గ్రామీణులకూ రెండు వారాల పాటు ఒకరి తిండి మరొకరికి పెట్టారు. అమెరికన్ల పీచు రోజుకు 14 నుంచి 55 గ్రాములకు పెరిగింది, గ్రామీణులది 66 నుంచి 12కు పడిపోయింది. అంత కొద్ది రోజుల్లోనే మొదటివారి పేగుల్లో బ్యూటిరేట్ పెరిగింది, వాపు గుర్తులు తగ్గాయి. రెండోవారిలో సరిగ్గా తలకిందులైంది. అయితే ఇది క్యాన్సర్ ముప్పు సూచికల్లో మార్పే గాని క్యాన్సర్ రావడమో పోవడమో కాదని గమనించండి.

ఇంతవరకు చదివి, పాతకాలపు తిండే అమృతమన్న నిర్ణయానికి రావద్దు. జొన్నే ఆధారంగా బతికిన పేదల్లో పెల్లాగ్రా అనే చర్మవ్యాధి కనిపించేది. దానికీ జొన్నలోని ల్యూసిన్‌కూ సంబంధం ఉండవచ్చని గోపాలన్, శ్రీకంఠయ్య 1960లో ప్రతిపాదించారు. నల్గొండ ఫ్లోరైడ్ నీళ్లు తాగేవారిలో జొన్న తిన్నవారి శరీరంలో ఫ్లోరైడ్ మరింత నిలుస్తుందని కూడా పోషకాహార సంస్థ పరిశోధనల్లో తేలింది. ఆ సంస్థే 1918లో కూనూరులో బెరిబెరి పరిశోధన కోసం మొదలైంది. మిల్లు బియ్యమే తినేవారికి వచ్చే జబ్బు అది! గటక తిన్నవాళ్లు ఇష్టపడి కాదు, మరో దారి లేక తిన్నారు. రెండు రూపాయల బియ్యం వారి ఆకలి తీర్చింది. ఆ సంగతి పక్కన పెట్టి చిరుధాన్యాలను పొగిడితే అది చరిత్ర కాదు, వ్యాపార ప్రకటన.

చిరుధాన్యాలు క్యాన్సర్‌ను నయం చేస్తాయనే ప్రచారానికీ ఆధారం లేదు. పొగ, మద్యం, స్థూలకాయం, వయసు, వంశపారంపర్యం అన్నీ ముప్పులో భాగమే. ప్రాసెస్ చేసిన మాంసం పెద్దపేగు క్యాన్సర్‌కు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో ప్రకటించింది. పీచు బాగా తినేవారికీ ఈ జబ్బు రావచ్చు. మలంలో రక్తం పడితే మొలలేనని పసరు మందుతో నెలలు గడిపే అలవాటు మన పల్లెల్లో ఉంది. సాధారణంగా పేగులో చిన్న కండగా మొదలైనది క్యాన్సర్‌గా మారడానికి ఏళ్లు పడుతుంది; అప్పుడే పట్టుకుంటే కొలనోస్కోపీ చేస్తూనే తీసేయవచ్చు. రక్తం, కారణం లేని రక్తహీనత, బరువు తగ్గడం, మలవిసర్జన అలవాటు మారి వారాల తరబడి అలాగే ఉండటం కనిపిస్తే వైద్యుణ్ణి కలవాలి.

తిండి విషయంలో కాలువ ఊళ్లలో సాధ్యమయ్యేవి ఉన్నాయి: తక్కువ పాలిష్ బియ్యం, వారంలో కొన్ని పూటలు జొన్న రొట్టె, రోజూ పప్పు, ఆకుకూర. రాత్రి అన్నం చల్లారితే అందులో కొంత పిండి పదార్థం జీర్ణం కాని రూపంలోకి మారి సూక్ష్మజీవులకు అందుతుంది. చద్దన్నాన్ని చిన్నచూపు చూడనక్కర లేదు. పీచు ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బుతుంది కనుక మెల్లగా పెంచి, నీళ్లు బాగా తాగాలి.

అభ్యాసంగా మీ ఊళ్లో డెబ్బై దాటిన ముగ్గురిని కలవండి. కాలువ నీళ్లు రాకముందు పొద్దున ఏం తినేవారు, ఇంట్లో దంచడం ఏ ఏట ఆగింది, మొదటి మిల్లు ఎక్కడ పెట్టారు అని అడిగి, వారి మాటల్లోనే రాసుకోండి. ఆడవాళ్లను తప్పక అడగండి. దంచినదీ విసిరినదీ వాళ్లే.