తొంభై దాటాక...

2022 జూలై 22. ఇంగ్లండ్‌లోని లీ పట్టణం. మహిళల యూరో ఫుట్‌బాల్ క్వార్టర్ ఫైనల్. బెల్జియం అమ్మాయిలు ఇంత దూరం రావడం ఇదే మొదటిసారి. ఎదుట ఉన్నది ఒలింపిక్ రజతం గెలిచిన స్వీడన్.

స్వీడన్ ఊపిరి తీసుకోనివ్వడం లేదు. షాటు వెనక షాటు. గోల్‌కీపర్ నికీ ఎవ్రార్డ్ అన్నిటికీ అడ్డం పడుతోంది. ఒకసారి బంతి వలలో పడనే పడింది. వీడియో చూసి ఆఫ్‌సైడని కొట్టేశారు. బెల్జియం కెప్టెన్ టెస్సా వుల్లార్ట్ ఫార్వర్డ్. ఇలాంటి రోజున ఫార్వర్డ్ పడే యాతన చూసేవాళ్లకు అంతగా పట్టదు. బంతి తన దాకా రాదు. వస్తే ఆ ఒక్కసారే వస్తుంది.

రాలేదు. 92వ నిమిషంలో, కార్నర్ తర్వాతి తోపులాటలో లిండా సెంబ్రాంట్ గోల్ కొట్టింది. 1-0. అంతే.

వుల్లార్ట్‌కు అప్పటికి ఇరవై తొమ్మిదేళ్లు. 1993లో టీల్ట్‌లో పుట్టింది. స్టాండర్డ్ లియేజ్ క్లబ్‌లో ఆడుతున్న రోజుల్లో బెల్జియం, నెదర్లాండ్స్ కలిసి నడిపిన మహిళా లీగ్ 2015లో మూతపడింది. అదే ఏడు ఆమె జర్మనీలోని వోల్ఫ్స్‌బర్గ్‌కు వెళ్లింది. అక్కడ రెండు లీగ్ టైటిళ్లు, మూడు జర్మన్ కప్పులు. 2016లోనూ 2018లోనూ జట్టు చాంపియన్స్ లీగ్ ఫైనల్ దాకా వెళ్లి, రెండుసార్లూ లియోన్ చేతిలోనే ఓడింది. తర్వాత మాంచెస్టర్ సిటీ, ఆండర్‌లెక్ట్, ఫోర్తునా సిట్టార్డ్, 2024లో ఇంటర్ మిలాన్. బెల్జియంలో మగ ఆటగాళ్లకు 1954 నుంచీ ఇస్తున్న ‘గోల్డెన్ షూ’ పురస్కారాన్ని మొదట అందుకున్న మహిళ ఆమే, 2016కి గాను.

ఇన్ని కప్పులున్నా, నా దృష్టిలో ఆమె కథ బెల్జియం ఎర్ర జెర్సీలోనే ఉంది. దేశం తరఫున అందరికన్నా ఎక్కువ గోల్స్ ఆమెవే. బెల్జియం మొదటి పెద్ద టోర్నీ 2017 యూరో. ఆతిథ్య నెదర్లాండ్స్ మీద స్కోరు సమం చేసిన గోల్ ఆమెదే. ఆ మ్యాచూ దక్కలేదు. 2019 ప్రపంచ కప్పుకు చేరే ప్లేఆఫ్‌లో స్విట్జర్లాండ్‌తో రెండు మ్యాచ్‌లూ డ్రా. అయినా ప్రత్యర్థి గడ్డమీద కొట్టిన గోల్స్ లెక్కలో బెల్జియమే ఇంటికెళ్లింది.

లీలో ఓడిన పదకొండు వారాలకు, అక్టోబర్ 6న, పోర్చుగల్‌లోని విజేలా. మళ్లీ ప్రపంచ కప్పు ప్లేఆఫ్. పోర్చుగల్ ముందు గోల్ కొట్టింది. విరామానికి ముందే వుల్లార్ట్ సమం చేసింది. 89వ నిమిషంలో ఫాతిమా పింటో గోల్. ప్లేఆఫ్‌లో పోర్చుగల్ ముందుకెళ్లింది, బెల్జియం దారి అక్కడితో ఆగింది. ఈసారీ చివరి క్షణాల్లోనే! చదువుతుంటేనే గుండె పట్టేస్తుంది, ఆడినవాళ్ల మాట చెప్పాలా?

2025 ఏప్రిల్‌లో ఇంగ్లండ్ చేతిలో బెల్జియానికి 5-0 ఓటమి. నాలుగు రోజులకే లూవెన్‌లో అదే ఇంగ్లండ్ మీద 3-2 గెలుపు. వుల్లార్ట్‌వి రెండు గోల్స్.

2025 జూలై 11, స్విట్జర్లాండ్‌లోని సియోన్. యూరో చివరి గ్రూప్ మ్యాచ్. ఇటలీ చేతిలో 1-0, స్పెయిన్ చేతిలో 6-2తో ఓడిన బెల్జియానికి ముందుకెళ్లే దారి అప్పటికే మూసుకుపోయింది. ఎదుట మళ్లీ పోర్చుగల్. మూడో నిమిషంలోనే వుల్లార్ట్ గోల్. 87వ నిమిషంలో పోర్చుగల్ సమం చేసింది. మళ్లీ అదే గడియ. ఈసారి 96వ నిమిషంలో వల కదిలింది పోర్చుగల్‌ది. వుల్లార్ట్‌తో ఏళ్లుగా కలిసి ఆడుతున్న జానిస్ కేమన్ కొట్టింది. బెల్జియం 2, పోర్చుగల్ 1.