పీపాలో ఉండగానే బేరం

ఏప్రిల్ నెల. ఫ్రాన్స్‌లో బోర్డో నగరానికి ఉత్తరాన, పోయాక్ ద్రాక్షతోటల మధ్య నిలబడి ఉన్నారు మీరు. జిరోండ్ నీళ్ల మీంచి చలిగాలి కొడుతోంది. తీగలు ఇప్పుడిప్పుడే చిగురు తొడుగుతున్నాయి. మీరు రుచి చూడబోయేది నిరుడు వీటికే కాసిన పండ్ల వైన్. అది సీసాల్లోకి ఎక్కడానికి ఇంకా ఏడాది పైమాటే. అమ్మకం మాత్రం కొద్ది వారాల్లోనే మొదలవుతుంది. ఇక్కడివాళ్లు దీన్ని ఆన్ ప్రిమోర్ అంటారు.

పీపాల గదిలోకి అడుగుపెట్టగానే కొత్త ఓక్ చెక్క వాసన. వరసలు వరసలుగా పీపాలు. ఒక్కోదాంట్లో 225 లీటర్లు, అంటే 300 సీసాల సరుకు. పీపాల నడుం చుట్టూ ముదురెరుపు పట్టీ ఉంది. కారిన చుక్కలు మరకలై కనబడకుండా ముందే అక్కడ రంగు పూసేస్తారు. పనివాడు బిరడా తీసి, పొడవాటి గాజు గొట్టం లోపలికి దించి, పై కంతను బొటనవేలితో మూసి ఎత్తాడు. వేలు వదలగానే వైన్ మీ గ్లాసులోకి దూకింది. వెలుగుకేసి పట్టుకుంటే అవతల వేళ్లు కనబడవు. అంచున మాత్రం ఊదారంగు మెరుస్తోంది.

నోట్లో పోసుకుని పుక్కిలించండి. ముందు పండు రుచి, వెంటనే పులుపు, ఆ వెనకే చిగుళ్లను పట్టేసే వగరు. దోసెడు నేరేడుపండ్లు తిన్నాక నాలుక మొద్దుబారి రంగెక్కుతుందే, అచ్చం అలా. మింగకండి, తొట్టిలో ఉమ్మేయండి. ఇంకా చాలా రుచి చూడాలి. ఈ వగరు మెత్తబడటానికి పది పదిహేనేళ్లు పడుతుంది. అప్పటికి ఆ పండు రుచి మిగిలి ఉంటుందా? తేల్చుకోవాల్సింది అదే. పైగా ఇది నమూనా మాత్రమే. కాబెర్నే, మెర్లో ద్రాక్షరకాల పాళ్లు చివర్లో కాస్త మారొచ్చు కూడా.

ధరలు సాధారణంగా మే, జూన్ నెలల్లో వస్తాయి. షాటో, అంటే తోట ఉన్న వైన్ సంస్థ, ధర చెబుతుంది, దళారి 2 శాతం తీసుకుని దాన్ని బోర్డో టోకు వ్యాపారులకు చేరవేస్తాడు, వాళ్ల నుంచి లండన్, హాంకాంగ్ వర్తకులకు, అక్కడి నుంచి మీకు. గిరాకీ ఉన్న పేరైతే గంటల్లో జవాబు చెప్పాలి.

ఆ తొందరలోనే ఒక్క క్షణం ఆగండి. 1982 కాపును అమెరికన్ విమర్శకుడు రాబర్ట్ పార్కర్ ఆకాశానికెత్తినప్పుడు ముందే కొన్నవాళ్లు ఎన్నో రెట్లు లాభపడ్డారు. 2010 కాపులో పెద్ద పేర్లు కొన్న చాలామంది, అదే వైన్ తర్వాత అంతకంటే చౌకగా దొరకడం చూసి కుమిలిపోయారు. షాటో లాతూర్ అయితే 2012లో ఈ పద్ధతి నుంచే తప్పుకుంది. తాగే అదనుకు వచ్చిందనుకున్నాకే అమ్ముతోంది. మీ సొమ్ము రెండేళ్ల ముందే కడుతున్నారంటే ఆ ఓపికకు తగిన తగ్గింపు ఇవ్వడం న్యాయం. అది లేని ధరకు కొనమని నేనెవరికీ చెప్పను.

ఇదిగో, మీరు రుచి చూసిన వైన్ ధర వచ్చింది. అదే షాటో పాత కాపు, సీసాల్లో సిద్ధంగా ఉన్నది, ఇంచుమించు అంతకే దొరుకుతోంది. వదిలేయండి. రెండు రోజులాగితే పక్కనే ఉన్న సాన్ జూలియాన్‌లో మీకు నచ్చిన ఓ చిన్న పేరు, పాత కాపులకంటే బాగా తక్కువకు వస్తుంది. ఆరు సీసాల పెట్టె ఒకటి చెప్పేయండి. డబ్బు కట్టేముందు, ఆ సరుకు మీ పేరున కేటాయించినట్టు వర్తకుడి నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. ఈ రెండేళ్లలో అతను దివాలా తీస్తే, ఆ కాగితం మీ వాదనకు కొంత ఆధారం, కానీ పీపాలో ఉన్న వైన్ మీదేనని అదొక్కటే హామీ ఇవ్వదు.