జప్తుకు తోబుట్టువు జాబితా

హైదరాబాదు పాతబస్తీలోని లాల్‌దర్వాజా మోడ్ దగ్గర తోపుడుబండి మీద పండ్లు అమ్మే మనిషి బండి పోయిందనుకోండి. తెలుగువాడైతే "బండి సీజ్ చేసిండ్రు" అంటాడు. పక్కన గాజులు అమ్మే ఉర్దూ మనిషి "గాడీ జప్త్ కర్‌లియే" అంటాడు. మర్నాడు పత్రికలో వార్త వస్తే అది "స్వాధీనం" అవుతుంది. మూడూ ఒకటేననుకుని మనం వాడేస్తుంటాం. బండి పోగొట్టుకున్నవాడికి మాత్రం ఆ మూడింటి మధ్య తేడా బతుకు తేడా. తీసుకున్నది తిరిగి వస్తుందా రాదా, వస్తే ఎవరిని అడగాలి, దేన్ని చూపించి అడగాలి అన్నదంతా ఆ తేడాలోనే ఉంది.

ఇంగ్లీషు "సీజ్" తలకిందులైన మాట. పాత ఫ్రెంచి నుంచి ఇంగ్లండు కోర్టుల్లోకి వచ్చినప్పుడు దానికి భూమిని ఒకరి భుక్తంలో పెట్టడం అని అర్థం. నేల అమ్మినవాడు కొన్నవాడి చేతిలో ఆ నేల మట్టిగడ్డనో చెట్టు రెమ్మనో పెట్టి అప్పగించేవాడు. ఆ తంతు పేరు "లివరీ ఆఫ్ సీజిన్". చేతిలో పెట్టడాన్ని చెప్పిన మాటే పోనుపోను చేతిలోంచి గుంజుకోవడానికి పేరైంది. "కాన్‌ఫిస్కేట్" దారి వేరు. లాటిన్‌లో ఫిస్కస్ అంటే బుట్ట. డబ్బు దాచే బుట్ట, ఆ తర్వాత రోమను చక్రవర్తి ఖజానా. అందులో పడ్డది ఇక సర్కారుదే.

నాకు వీటన్నిటికంటే దగ్గరగా తోచేది "ఇంపౌండ్". పౌండ్ అంటే దారితప్పిన పశువులను కట్టేసే దొడ్డి. నీటిని ఆపి ఉంచే "పాండ్" కూడా ఆ మాటకు మరో రూపమే. మన బందెలదొడ్డి అచ్చంగా ఇదే. పరాయి చేను మేసిన గొడ్డును తోలుకుపోయి దొడ్లో పెడతారు, దండుగ కట్టాక విడిచిపెడతారు. 1871 నాటి పశువుల చట్టం దీనికి జరిమానా, మేత ఖర్చు, వేలం లెక్కలన్నీ రాసి పెట్టింది. యజమాని రాక గొడ్డును వేలం వేసినా, జరిమానా, ఖర్చులు పోను మిగిలిన సొమ్ము గడువులోగా వచ్చి అడిగితే అతనిదే. దొరల పెత్తనం నడిచిన తెలంగాణ పల్లెల్లో బందెలదొడ్డి జులుంకు కూడా పనికొచ్చింది, అది మరిచిపోరాదు. అయినా ఆ మాటలో ఒక న్యాయం ఉంది. గొడ్డు దొడ్లో ఉన్నన్నాళ్లూ రైతుదే.

ఈ తేడాను మన సుప్రీంకోర్టు కూడా పట్టించుకుంది. 2008లో సురేష్ నందా కేసులో పాస్‌పోర్టు గురించి చెబుతూ సీజ్ వేరు, ఇంపౌండ్ వేరు అని విడదీసింది. సీజ్ అంటే ఒక క్షణంలో చేతిలోకి తీసుకోవడం. తీసుకున్నదాన్ని కొంతకాలం దగ్గర ఉంచుకుంటే అది ఇంపౌండ్. పోలీసులు పాస్‌పోర్టు తీసుకోవచ్చు కానీ, ఇంపౌండ్ చేసే అధికారం 1967 పాస్‌పోర్టు చట్టం ప్రకారం పాస్‌పోర్టు అధికారులదేనని తేల్చింది. ఇంటికొకరు గల్ఫ్ దారి పట్టే పాతబస్తీ గల్లీల్లో ఇది వకీళ్లకు వదిలేసే సంగతి కాదు.

ఇక జప్తు. ఇది అరబ్బీ "జబ్త్". గట్టిగా పట్టి ఉంచడం, అదుపులో పెట్టడం దాని మూలార్థం. పలుకుబడిలో బకారం పక్కనున్న తకారం తాకిడికి పకారమై మన నోట జప్తు అయింది. లాల్‌దర్వాజాలో ఈ మాటను రెండు చెవులతో వినాలి. సింహవాహిని మహంకాళి గుడి ఉన్న పేట తన పేరును పారసీ నుంచి తెచ్చుకుంది. బోనాల పాటా, దక్కనీ మాటా ఒకే గల్లీలో వినిపిస్తాయి. ఉర్దూ ఇంట్లో జబ్త్ అంటే కన్నీళ్లు ఆపుకోవడం, కోపం దిగమింగడం కూడా. "నజ్మ్-ఓ-జబ్త్" అంటే క్రమశిక్షణ. అక్బరు కాలంలో తోడర్‌మల్లు భూమిని కొలిచి శిస్తు కట్టిన పద్ధతిని "జబ్తీ" అన్నారు. ఇన్ని అర్థాల్లోంచి తెలుగుకు చేరింది కచేరీ అర్థం ఒక్కటే. మనవాళ్లకు ఈ మాటను నేర్పింది ఉర్దూ ఇరుగుపొరుగు కాదు, తహసీలు బంట్రోతు అని నాకనిపిస్తుంది.

నల్లగొండ జిల్లాలో జప్తి వీరప్పగూడెం ఉంది. కామారెడ్డి జిల్లాలో జప్తి జానకంపల్లి ఉంది. జాగీరు, మక్తా, ఖాల్సా అన్నవి ఊరి పేర్లకు అతుక్కున్నట్టే ఇదీ అతుక్కుంది. నిజాం రాజ్యంలో జాగీర్దారు కన్నుమూస్తే జాగీరును సర్కారు తన పట్టులోకి తీసుకునేది. వారసత్వ విచారణ ముగిశాక వారసుడికి తిరిగి ఇచ్చేది. ఆ జప్తు కొంతకాలపు పట్టు. 1949లో జాగీర్ల రద్దుతో పోయినవి మాత్రం తిరిగి రాలేదు, వాటికి పరిహారం లెక్కగట్టారు. ఎన్నికల్లో ఓడినవాడి డిపాజిట్ పోవడాన్ని ఉర్దూలో "జమానత్ జప్త్" అంటారు. పోలై చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటకపోతే ఆ సొమ్ము ఖజానాకు పోతుంది, ఇక రాదు. తాత్కాలికమైన పట్టుకూ శాశ్వతమైన నష్టానికీ జప్తు ఒక్కటే పేరు కావడం దీనిలోని లోపం. "స్వాధీనం" ఇంకా పెద్ద లోపం. తన అధీనం చేసుకోవడం అని దాని అర్థం. పోలీసులు తీసుకున్న సొత్తు పోలీసులది కాదు. కోర్టు తేల్చేదాకా అది వాళ్ల కాపలాలో ఉన్న వస్తువు, అంతే. పత్రికలు ఆ మాటను కాస్త తూచి వాడాలి.

జప్తు అన్న మాటను పట్టుకుని నేనిన్ని పుటలు తిరగేయడానికి అసలు కారణం దాని తోబుట్టువు. మనం రోజూ వాడే "జాబితా" కూడా అదే ధాతువులోంచి పుట్టింది. అరబ్బీ "జాబితా" అంటే నియమం, నియంత్రించే సూత్రం. దఫ్తరాల్లో తిరిగి తిరిగి మనదాకా వచ్చేసరికి పట్టీ అయింది. ఉర్దూ మాత్రం పాత అర్థాన్ని నిలుపుకుంది. ఉర్దూ కోర్టు భాషలో క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ పేరు "జాబ్తా-ఎ-ఫౌజ్‌దారీ", సివిల్ కోడ్ పేరు "జాబ్తా-ఎ-దీవానీ". తురుష్క దేశంలో "జబిత్" అంటే సమావేశపు వివరాలు రాసిన కాగితం, "జబితా" అంటే మునిసిపాలిటీ వాళ్ల రక్షక దళం. ఇస్తాంబుల్ వీధుల్లో తోపుడుబండ్ల మీదికి వచ్చేది ఆ జబితా వాళ్లే. పట్టుకోవడం, రాసి పెట్టడం, నియమం. ఇన్ని దేశాల్లోనూ ఈ మూడూ ఒకే ధాతువును వదల్లేదు. జాబితా లేకుండా తీసుకుంటే దానికి జప్తు అనే పేరు కూడా చెల్లదు. దానికి గుంజుకోవడం అన్న మంచి తెలుగు మాట ముందే ఉంది.

చట్టం ఇదే చెబుతోంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షన్ ప్రకారం, సోదా చేసి తీసుకున్న వస్తువుల జాబితా తయారు చేయడాన్నీ, దాని మీద సాక్షులు సంతకం పెట్టడాన్నీ వీడియో తీయాలి. అప్పుల సంగతి చూసే 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్‌లో మరో జాబితా ఉంది, తీసుకోకూడని వస్తువుల జాబితా. అప్పుపడ్డవాడి, అతని భార్యాబిడ్డల కట్టుబట్టలు, వంటపాత్రలు, పరుపులు, మత ఆచారం ప్రకారం ఆడమనిషి ఒంటి మీంచి తీయరాని నగ, చేతిపనివాడి పనిముట్లు, రైతు కాడెద్దులు, విత్తనాలు. మంగళసూత్రం, పాతబస్తీలో వెండి రేకులు కొట్టే మనిషి సుత్తి, పల్లెలో నాగలి అన్నీ ఇందులోకి వస్తాయి. అప్పు కట్టలేదని ఇంటి తలుపులు ఊడబీక్కుపోయిన కథలు విని పెరిగిన తెలుగువాళ్లం మనం. ఈ సెక్షన్ మన బడి పుస్తకాల్లో ఉండాల్సింది.

లాల్‌దర్వాజా నుంచి చార్మినార్ దాకా రోడ్డు మీద బతికేవాళ్లకు మరీ ముఖ్యమైనది 2014 వీధి వ్యాపారుల చట్టం, 19వ సెక్షన్. సరుకు తీసుకునేటప్పుడే జాబితా రాయాలి, తీసుకున్న అధికారి సంతకంతో దాని నకలు వ్యాపారికి ఇవ్వాలి. వ్యాపారి వచ్చి అడిగితే పండ్లు, పూలు, కూరగాయల్లాంటి పాడైపోయే సరుకును ఆ రోజే, మిగతా సరుకును రెండు పనిదినాల్లో విడిచిపెట్టాలి. చట్టం కింద చేసిన పథకంలో చెప్పిన రుసుము కట్టాల్సి ఉంటుంది. కట్టాక సరుకు అతనిదే, మునుపూ అతనిదే.

బండి పోయినవాడు మీ గల్లీలో ఉంటే ఈ సంగతి చెప్పండి. మొదట అడగాల్సింది సరుకును కాదు, సంతకం పెట్టిన జాబితాను.