తుప్పు మీద రంగు

ధవళేశ్వరం అనగానే మనవాళ్ళందరం కాటన్ దొర దగ్గరే ఆగిపోతాం. 1847లో మొదలుపెట్టి 1852కల్లా రాయీ సున్నంతో ఆనకట్ట లేపాడు, డెల్టా అన్నం తింది, నిజమే. కానీ ఇప్పుడు మనం బస్సులో దాటేది ఆ ఆనకట్టని కాదండీ, 1970లో పని మొదలై 1982లో పూర్తయిన బ్యారేజీని. పేరు మాత్రం ఆయనదే. రెంటికీ తేడా ఒక్క ముక్కలో చెప్పాలంటే, రాయికి తుప్పు పట్టదు.

బ్యారేజీకి 175 ఉక్కు గేట్లు. ధవళేశ్వరం వైపు 70, ర్యాలి 43, మద్దూరు 23, విజ్జేశ్వరం 39. పది లక్షల ఎకరాల పైచిలుకు ఆయకట్టుకి నీళ్ళు నిలబెట్టేది ఈ రేకులే. 1986 ఆగస్టులో వీటిని ఎత్తేస్తే, కిందనుంచి 35 లక్షల క్యూసెక్కుల వరద పోయింది.

గేటు మొత్తం ఒకేలా తుప్పు పట్టదు. తడిసి, ఆరి, మళ్ళీ తడిసే చోట ఎక్కువ తింటుంది. వెనక అడ్డదూలాల మీద ఒండ్రు పేరుకుని తడి ఆరని మూలల్లో ఇంకా ఎక్కువ. తుప్పు ఇనుముకంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి రంగుని లోపల్నుంచి తోస్తుంది. పైకి చిన్న బుడగే. గోకి చూస్తే చిల్లు!

అసలు పని ఇక్కడుంది. చిల్లు చుట్టూ గట్టి ఇనుము తగిలేదాకా కోసెయ్యాలి. రూపాయి బిళ్ళంత చిల్లుకి పళ్ళెమంత కోత పడొచ్చు. అదే మందం ప్లేటు పెట్టి, అంచుకి అంచు వెల్డింగ్ చేసి, గ్రైండ్ చేసి, మొత్తం తెల్లగా మెరిసేలా బ్లాస్టింగ్ చేసి, ఆ రోజే జింకు ప్రైమర్ కొట్టాలి. రేపు చూద్దాంలే అనుకుంటే గోదారి గాలికి తెల్లారేసరికి ఎర్రబడుతుంది. ఇదంతా ఎందుకని పాత రేకు మీదే ఇంకో రేకు అతికించారనుకోండి, రెంటి మధ్య చేరిన నీరు ఆరక, కనపడకుండా తింటూ పోతుంది. మన భాషలో, ఎక్సెప్షన్‌ని క్యాచ్ చేసి బ్లాకు ఖాళీగా వదిలెయ్యడం. లాగ్‌లో ఏమీ ఉండదు :)

రాజమండ్రిలో మా నాన్నగారి పాత స్కూటర్ ఫుట్‌బోర్డు చిల్లుకి ఒక టింకరింగ్ షాపతను లప్పం కూరి రంగేసిచ్చాడు. సంక్రాంతికి కొత్తబండిలా మెరిసింది. రెండో వానాకాలానికి కాలు కిందికి దిగింది. స్కూటర్ కాబట్టి నవ్వుకున్నాం.

గుండ్లకమ్మలో నవ్వుకోడానికేం లేదు. ప్రకాశం జిల్లా మల్లవరం దగ్గరి ఆ ప్రాజెక్టుని 2008లో ప్రారంభించారు. 2022 ఆగస్టు 31 రాత్రి మూడో గేటు పోయింది. 2023 డిసెంబరులో ఇంకోటి. తుప్పు గురించీ నిర్వహణ గురించీ పత్రికలు అప్పుడు రాశాయి. పద్నాలుగేళ్ళండీ!

ఇటు మన హావ్‌లాక్ వంతెన మీద 1900 నుంచి 1997 దాకా రైళ్ళు నడిచాయి. అదీ ఉక్కే. గాల్లో ఉండే గర్డరు వేరు, నీళ్ళలో నానే గేటు వేరు, సరే. కానీ రైల్వేలో గర్డర్లు గోకి రంగు వెయ్యడం వంతు ప్రకారం వచ్చే పని. గేట్ల పని నిధులు వచ్చినప్పటి మాట. పైగా డెల్టాలో కాలవలు కట్టేసే ఆ కొద్ది వారాల ఎండాకాలంలోనే ముగించాలి, వెనకాలే వరద తరుముకొస్తుంటుంది. కోతా వెల్డింగూ రంగు కింద దాక్కుంటాయి, రంగు మాత్రం గట్టుమీంచే కనిపిస్తుంది. ఆ హడావిడిలో ఏది మిగులుతుందో, ఏది ఎగిరిపోతుందో ఊహించడానికి ఇంజనీరింగ్ డిగ్రీ అక్కర్లేదు.

రేకు ఎంత మందం మిగిలిందో చెప్పే అల్ట్రాసోనిక్ గేజీ అరచేతిలో పట్టేంత ఉంటుంది. నాకు చూడాలనున్నది ఒక ఎక్సెల్ షీటు. 175 వరసలు, ఏ గేటుకి ఏ చోట ఎన్ని మిల్లీమీటర్లు మిగిలిందో. రంగు వెయ్యకముందు కొలిచింది.