చేయి మారిన పుస్తకం

పుస్తకాన్నీ, సొమ్మునూ పరాయి చేతికిస్తే ఇక వాటి మీద ఆశ వదులుకోవలసిందేనని మన పెద్దలు ఏనాడో తేల్చేశారు. (ఆ శ్లోకంలో మూడోది కూడా ఒకటుంది. దాన్ని ఇక్కడ వదిలేద్దాం!) తాళపత్రాల మీద గంటంతో కావ్యాలకు కావ్యాలు ఎత్తి రాసిన లేఖకులు కూడా చివరి ఆకులో దాదాపు ఇదే మాట మరో విధంగా చెప్పుకునేవారు. నడుము వంగిపోయేలా రాశాను, దీన్ని నూనె నుంచీ నీటి నుంచీ వదులు కట్టు నుంచీ కాపాడండి, అన్నిటికంటే ముఖ్యంగా మూర్ఖుడి చేతిలో పెట్టకండి, అని. ఆ వేడుకోలును నేను తప్పుపట్టలేను. ఒక ప్రతి తయారు కావడానికి నెలలు పట్టే కాలంలో పుస్తకం అరువిచ్చేవాడు తెలివితక్కువవాడే అయివుంటాడు. కానీ అచ్చుయంత్రం వచ్చి, రూపాయికో అర్ధరూపాయికో పుస్తకం దొరికే రోజులు వచ్చాక కూడా ఆ బుద్ధి మనల్ని వదలలేదు. పట్టుగుడ్డలో చుట్టిన తాటాకుల కట్ట కాస్తా అద్దాల బీరువాలోకి మారింది, అంతే.

ఈ బుద్ధికి ఎదురుతిరిగిన కొందరి చరిత్ర గురించి చాలాకాలంగా రాయాలనుకుంటున్నాను. దానికి ఆంధ్రదేశ గ్రంథాలయోద్యమం అని పేరు. పాఠ్యపుస్తకంలో ఒక పేరా, అందులో అయ్యంకి వెంకట రమణయ్య గారి పేరు, ఒక మార్కు ప్రశ్న... మనలో చాలామందికి దానితో పరిచయం అంతవరకే. నాకు మాత్రం ఆ ఉద్యమం పుస్తకాల చరిత్ర కంటే పంచుకోవడమనే విద్య చరిత్రగా కనిపిస్తుంది. తనకున్నది ఇతరులకు ఇవ్వాలన్న మంచి మనసు ఒక ఎత్తు, ఇచ్చినది అవతలివాడికి నిజంగా అందేట్టు చూడడం మరొక ఎత్తు. మొదటిది మనకు ఎప్పుడూ కొరత లేదు. రెండో దాన్ని ఈ మనుషులు నలభై ఏళ్ళపాటు, ఒక్కో అడుగే వేసుకుంటూ నేర్చుకున్నారు.

మొదటి అడుగులు చిన్నవే. రాజమహేంద్రవరంలో నాళం కృష్ణారావు గారు 1898లో, ఇంకా ఇరవయ్యేళ్ళు నిండకుండానే, తన గురువు వడ్డాది సుబ్బారాయుడు గారి పేరిట వసురాయ గ్రంథాలయం పెట్టారు (అదే తరువాత గౌతమీ గ్రంథాలయంలో కలిసింది). హైదరాబాదులో 1901 సెప్టెంబరు 1న రావిచెట్టు రంగారావు, కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు గార్ల పూనికతో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలిసింది. పాలనకు ఉర్దూ తప్ప మరో భాష లేని రాజ్యంలో, తెలుగు పుస్తకాలను ఒకచోట చేర్చి ఎవరైనా వచ్చి చదువుకోవచ్చునని చెప్పడం సాహసమే. మూడేళ్ళకు హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం వచ్చింది.

1914 ఏప్రిల్ 10న బెజవాడలో, చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి అధ్యక్షతన, అక్కడక్కడా ఉన్న ఇటువంటి గ్రంథాలయాల వాళ్ళంతా ఒకచోట కూడారు. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం అలా పుట్టింది. నడిపించిన చేయి అయ్యంకి వారిది. అప్పటికి ఆయనకు పాతికేళ్ళు కూడా లేవు. మరి అయిదేళ్ళకు, 1919 నవంబరు 14న, మద్రాసులో అఖిల భారత స్థాయి పౌర గ్రంథాలయ మహాసభ జరిపించిందీ ఈ బృందమే. ఇప్పటికీ గ్రంథాలయ వారోత్సవాలు నవంబరు 14నే మొదలవుతాయి. ఆ తేదీని నెహ్రూ గారి పుట్టినరోజుతో ముడిపెట్టేవాళ్ళే ఎక్కువ. సరే, ఆయనా పుస్తకాలు చదివినవాడే కనుక గొడవ లేదు.

ఇక్కడ ఒక చేదు సంగతి చెప్పుకోవాలి. 1911 జనాభా లెక్కల నాటికి మద్రాసు రాజధానిలో నూటికి తొంభై మందికి పైగా అక్షరం ముక్క రానివాళ్ళే. అటువంటి దేశంలో గ్రంథాలయం పెట్టి తలుపులు తెరిచి కూర్చుంటే వచ్చేదెవరు? ఊళ్ళో కరణంగారు, బడిపంతులు, వకీలుగారబ్బాయి. అంటే అప్పటికే పుస్తకం ఉన్నవాళ్ళు! ఉన్నవాళ్ళు ఉన్నవాళ్ళతో పంచుకోవడం కాలక్షేపం అవుతుందే తప్ప మరేమీ కాదు. ఈ సంగతి ఉద్యమకారులకు తొందరగానే అర్థమైంది. అందుకనే వాళ్ళ గ్రంథాలయాల్లో రాత్రిబడులు నడిచాయి, చదవడం రానివాళ్ళ కోసం పత్రిక బిగ్గరగా చదివి వినిపించారు, హరికథలు చెప్పించారు. 1908లో స్వరాజ్య పత్రికలో రాతల కోసం జైలుకు వెళ్ళివచ్చిన గాడిచర్ల హరిసర్వోత్తమ రావు గారు తన జీవితంలోని చివరి దశాబ్దాలను ఈ సంఘానికీ, వయోజన విద్యకూ ధారపోయడం యాదృచ్ఛికం కాదు. అక్షరం పంచకుండా పుస్తకం పంచడం అయ్యే పని కాదని ఆయనకు తెలుసు.

అయినా అందరికీ అందిందని నేననుకోను. ఊరి నడిబొడ్డున, పెద్దకులాల ఇళ్ళ మధ్య ఉండే ఆ గదిలోకి మాలమాదిగ పల్లెల నుంచి ఎందరు రాగలిగారు? ఆడవారు ఎందరు? నియమావళి అందరినీ రమ్మనే అని ఉండవచ్చు. గడప మాత్రం నియమావళి చదవదు కదా.

గడప సమస్యకు ఒక జవాబు నీళ్ళ మీద దొరికింది. గుంటూరు జిల్లా పెదపాలెంలో పాతూరి నాగభూషణం గారని ఒక కార్యకర్త ఉండేవారు (1907-1987). ఆ డెల్టాలో రోడ్లు అంతంతమాత్రం. ధాన్యమూ మనుషులూ కూడా కాలువల్లో పడవల మీదే ప్రయాణం చేసేవారు. గట్టు మీద మనిషి తాడు పట్టుకుని లాగుతూ నడుస్తుంటే పడవ నెమ్మదిగా కదిలేది. 1935లో నాగభూషణం గారు ఆ కాలువలోకి ఒక పుస్తకాల పడవను దింపారు. పెదవడ్లపూడి నుంచి కొల్లూరు దాకా దాని రాకపోకలు. దారిలో ఉన్న పల్లెల దగ్గర ఆగడం, చదివేసిన పుస్తకాలు తీసుకోవడం, కొత్తవి ఇవ్వడం, మళ్ళీ కదలడం. రాజప్రాసాదాల్లో లక్ష గ్రంథాలు పోగుచేసినవారి కథలు ఎన్ని విన్నా, నాకు ఈ పడవ ముందు అవన్నీ వెలవెలబోతాయి.

ఎందుకంటే, గ్రంథాలయానికి వెళ్ళిన మనిషి ఎంతో కొంత అతిథి. అక్కడి మర్యాదలు తెలిసివుండాలి, చొక్కా శుభ్రంగా ఉండాలి, ఎవరి కొడుకువని అడిగితే జవాబు చెప్పాలి. పడవ మన రేవుకు వచ్చినప్పుడు అతిథి ఎవరు? పుస్తకమే! అడిగేవాడి స్థానంలోకి ఇచ్చేవాడు వచ్చాడు. రేవు కూడా అందరిదీ కాని ఊళ్ళు మన దేశంలో బోలెడున్నాయి కనుక దీన్ని మరీ పెద్దది చేసి చెప్పను. కానీ దూరాన్ని దాటవలసిన బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు ఆ పడవ సరైన సమాధానమిచ్చింది. దానికి నాలుగేళ్ళ ముందు, 1931లో, తమిళదేశంలోని మన్నారుగుడిలో ఎడ్లబండి మీద గ్రంథాలయం కదిలింది. అంతకు పూర్వం బరోడా సంస్థానంలో చెక్కపెట్టెలలో పుస్తకాలు సర్ది పల్లెలకు పంపేవారు.

బరోడా మాట వచ్చింది కనుక చెబుతాను. సయాజీరావు గాయక్వాడ్ 1910లో అమెరికా నుంచి విలియం బోర్డెన్ అనే గ్రంథాలయ నిపుణుణ్ణి పిలిపించి సంస్థానమంతటా గ్రంథాలయాలు పెట్టించాడు. రాజు తలుచుకుంటే మొత్తం ఖర్చు ఖజానా నుంచే పెట్టవచ్చు. పెట్టలేదు. ఊరివాళ్ళు తమ వాటా పోగుచేసుకుంటే, జిల్లా పంచాయతీ అంత, సర్కారు అంత కలిపేవి. మూడింట ఒక వంతు ఊరిది. పేదపల్లెల మీద ఈ భారమేమిటని నాకు మొదట చిరాకే కలిగింది. ఆలోచించిన కొద్దీ ఆ లెక్కలోని మర్యాద బోధపడింది. తన వాటా కట్టిన ఊరు ఎవరికీ దణ్ణం పెట్టనక్కరలేదు. పుస్తకం చిరిగితే అడిగే హక్కు దానికి ఉంటుంది, బాగులేని పుస్తకాలు పంపితే తిప్పికొట్టే హక్కూ ఉంటుంది. దానం పుచ్చుకున్న ఊరికి ఆ నోరు ఎక్కడిది?

ఈ మర్యాదను తన ఒంటితో పాటించిన మనిషి వట్టికోట ఆళ్వారుస్వామి. నల్లగొండ జిల్లాలో 1915లో పుట్టాడు. చిన్నతనంలోనే తండ్రి పోతే ఇళ్ళల్లో వంటచేశాడు, హోటల్లో పనిచేశాడు, గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దాడు. తన చదువంతా తాను సంపాదించుకున్నదే. 1938లో దేశోద్ధారక గ్రంథమాల ప్రారంభించి, తక్కువ ధరకు పుస్తకాలు అచ్చువేసి, వాటిని తానే మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మాడు. (దేశోద్ధారక అన్నది కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి బిరుదు. ఆయన పోయిందీ ఆ ఏడాదే.) సభ జరుపుకోవాలన్నా ముందుగా సర్కారు అనుమతి కావలసిన నిజాం రాజ్యమది. ఆ రోజుల్లో తెలుగు పుస్తకాల మూటతో పల్లెలోకి అడుగుపెట్టేవాణ్ణి పోలీసులు ఏ కంటితో చూసేవారో ఊహించుకోవచ్చు. చివరకు జైలుకూ వెళ్ళాడు. నిజామాబాదు జైల్లో ఆయనకు తోడుగా ఉన్న దాశరథి తరువాత తన ‘అగ్నిధార’ను ఆయనకే అంకితమిచ్చాడు.

అమ్మడం పంచుకోవడమెలా అవుతుందని ఎవరైనా అడగవచ్చు. నా మటుకు నాకు అవుతుంది. ఆళ్వారుస్వామి ఊరికే ఇచ్చి ఉంటే ఆ పుస్తకం అటక మీదకు చేరేదేమో. రెండణాలు పెట్టి కొనుక్కున్న రైతు దాన్ని చదివించుకుని తీరతాడు, తనకు రాకపోతే కొడుకు చేత. ఆకలి తెలిసినవాడు కనుకనే ఆయన ఎదుటివాడి అభిమానాన్ని తక్కువ అంచనా వేయలేదు.

మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో 1924 నుంచి పనిచేసిన ఎస్. ఆర్. రంగనాథన్ గారు 1931లో తన అయిదు సూత్రాల పుస్తకం ప్రచురించారు. అందులో మొట్టమొదటి సూత్రం వాడకం గురించే. వినడానికి ఇది ఎంత మామూలుగా ఉందంటే, దానికో సూత్రం దేనికని నవ్వు వస్తుంది. యూరపులో ఒకప్పుడు పుస్తకాలను ఇనప గొలుసులతో అలమరలకు కట్టేవారని గుర్తుచేసుకుంటే ఆ నవ్వు ఆగుతుంది. గొలుసుల దాకా ఎందుకు? నా చిన్నప్పుడు మేమున్న ఊళ్ళోని గ్రంథాలయంలో బీరువాలన్నిటికీ తాళాలే. అద్దంలోంచి అట్టల మీది పేర్లు మెడ పక్కకు వంచి చదువుకోవడం, తాళంచెవి ఉన్న పెద్దమనిషి మూడు బాగున్న రోజు కోసం కాచుకోవడం... ఆ పెద్దమనిషిని ఇప్పుడు నిందించను. పుస్తకం పోతే ఆయన జీతంలోంచి కోత పడుతుంది మరి! పుస్తకాలు కాపాడినందుకు జీతమిచ్చి, చదివించినందుకు ఏమీ ఇవ్వని ఏర్పాటులో ఎవరున్నా తాళమే వేస్తారు.

రంగనాథన్ గారి చొరవతోనే 1948లో మద్రాసు పౌర గ్రంథాలయ చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక, ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల వేర్వేరు చట్టాల స్థానంలో 1960లో ఒకే చట్టం చేశారు. ఇంటిపన్ను మీద రూపాయికి ఎనిమిది పైసల గ్రంథాలయ పన్ను ఆ చట్టం కిందిదే. చందాల కోసం జోలె పట్టుకుని తిరిగినవారికి ఇది కల నిజమవడమే. నాగభూషణం గారివంటివారు విజయవాడలో కట్టుకున్న సర్వోత్తమ భవనం ఆ తరానికి గుర్తుగా నిలిచింది.

కానీ ఈ కల నిజమైన తీరు మీద నాకొక దిగులుంది. బరోడా ఊరివాళ్ళకు తమ వాటా ఎంతో తెలుసు. మనం ప్రతి ఏడూ కడుతున్న వాటా మనకు తెలియదు. తెలియని వాటాకు లెక్క అడిగేవాడుండడు. వసూలు చేసిన పురపాలక సంఘాలూ పంచాయతీలూ గ్రంథాలయ సంస్థలకు జమచేయక బకాయిలు పేరుకుపోయాయన్న వార్త పత్రికల జిల్లా పేజీల్లో ఎన్నిసార్లు చదివానో. కొత్త పుస్తకాలు లేక పోటీ పరీక్షల గైడ్లతో, దినపత్రికలతో నెట్టుకొస్తున్న శాఖా గ్రంథాలయాలు మీకూ తెలిసే ఉంటాయి. ఆ పిల్లలు వచ్చి చదువుకోవడం నాకు సంతోషమే. వాళ్ళు కూర్చోవడానికి కుర్చీలు చాలక మెట్ల మీద కూర్చుంటున్నారంటే, గ్రంథాలయాలకు ఇప్పుడెవరూ రావడంలేదనే మాట అబద్ధమన్నమాట.

దీనికి పూర్తిగా భిన్నంగా ఒక చోటుంది. 1918లో వేటపాలెంలో మొదలైన సారస్వత నికేతనం. 1929లో గాంధీగారు దాని భవనానికి శంకుస్థాపన చేశారు. ఆ సందర్భంలో విరిగిన ఆయన చేతికర్రను ఇప్పటికీ అక్కడ దాచివుంచారు. చాలామంది దాన్ని చూడడానికే వెళతారు. పాత తెలుగు పత్రికల కోసం దేశదేశాల పరిశోధకులు వెదుక్కుంటూ వచ్చేది మాత్రం ఆ చేనేత ఊరికే. దాచడమూ పంచడమూ రెండూ ఒకే కప్పు కింద జరిగిన అరుదైన చోటు అది. లేఖకుడి వేడుకోలునూ, నాగభూషణం గారి పడవనూ కలిపి చూసినట్టుంటుంది.

ఈసారి ఇంటిపన్ను రసీదు చేతికి వచ్చినప్పుడు గ్రంథాలయ పన్ను అని ఉన్న గడిని ఒకసారి వెదకండి. అందులోని అంకె చాలా చిన్నది. మీ ఊరి శాఖా గ్రంథాలయంలో ఆ ఏడు కొన్న పుస్తకాల జాబితా చూపించమని అడగడానికి ఆ రసీదు చాలు.